“పాతిక శాతం ఎక్కువ” అంటే దేనికంటే? సంకర తేజం లెక్కలపై విమర్శనాత్మక పరిశీలన

రెండు భిన్న జనకులను సంకరపరచినప్పుడు వచ్చే మొదటి తరం మొక్కలు ఎత్తులోనో, దిగుబడిలోనో, ఒత్తిడిని తట్టుకునే శక్తిలోనో జనకులను మించి ఉండడాన్ని సంకర తేజం అంటారని మీరు ఇదివరకు చదివారు. 1914లో జార్జ్ షల్ దీనికి హెటిరోసిస్ అని పేరు పెట్టాడు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకు ఈ నిర్వచనం సరిపోతుంది. కాని ఒక పరిశోధన వ్యాసంలో “ఈ సంకరంలో 25 శాతం హెటిరోసిస్ కనిపించింది” అన్న వాక్యం ఎదురైతే ఈ నిర్వచనం మీకు పెద్దగా సాయపడదు. ఆ 25 శాతం దేనికంటే ఎక్కువ? ఎన్ని మొక్కలను, ఎన్ని మళ్లను కొలిచి చెప్పారు? ఎన్ని సంకరాలను పరీక్షించి అందులోంచి ఈ ఒక్కదాన్ని ఎంచుకున్నారు?

ఈ మూడు ప్రశ్నలూ అడగడం అలవాటు చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం. సంకర తేజం అబద్ధమని ఇక్కడ ఎవరూ వాదించడం లేదు. అది నిజమైన జీవ దృగ్విషయం, దాని మీద ఎంతో వ్యవసాయం నడుస్తోంది. కాని సంకర తేజం అన్నది ఎత్తులాగా, గింజ బరువులాగా ఒక మొక్కకు సొంతమైన లక్షణం కాదు. అది ఒక పోలిక. పోలికకు రెండో వైపు ఎవరున్నారో చెప్పకుండా, పోలికలో ఎంత దోషం ఉందో చెప్పకుండా శాతం మాత్రమే చెబితే ఆ అంకె సగం వాక్యమే అవుతుంది.

1. డార్విన్ పట్టిక

ఈ విషయంలో విమర్శనాత్మకంగా చదవడానికి అన్నిటికంటే మంచి నమూనా పాతదే. చార్లెస్ డార్విన్ పదకొండేళ్లపాటు ఎన్నో జాతుల మొక్కల మీద ప్రయోగాలు చేసి, పరపరాగ సంపర్కం వల్ల వచ్చిన సంతానాన్ని స్వపరాగ సంపర్కం వల్ల వచ్చిన సంతానంతో పోల్చాడు. ఆ ఫలితాలను 1876లో గ్రంథంగా ప్రచురించాడు. అందులో మొక్కజొన్న మీద చేసిన ప్రయోగాన్ని మనం చూద్దాం.

ప్రయోగం సరళమైనదే. ఒకే సమయంలో మొలకెత్తిన రెండు మొలకలను తీసుకుంటాడు. ఒకటి పరపరాగ సంతానం, రెండోది స్వపరాగ సంతానం. రెండింటినీ ఒకే కుండీలో చెరో పక్కన నాటుతాడు. ఇలా నాలుగు కుండీల్లో 15 జతలు. కొంతకాలం పెరిగాక ఎత్తులు కొలిచాడు. పరపరాగ మొక్కల సగటు ఎత్తు 20.19 అంగుళాలు, స్వపరాగ మొక్కల సగటు 17.58 అంగుళాలు. తేడా 2.62 అంగుళాలు. అంటే పరపరాగ మొక్కలు దాదాపు 15 శాతం ఎక్కువ ఎత్తు ఉన్నాయి.

ఇందులో జనక మొక్కలను కొలవలేదని గమనించండి. డార్విన్ చూసింది స్వపరాగ సంపర్కంతో కలిగే అంతఃప్రజనన క్షీణతను. అదే విషయాన్ని ఎదురు వైపు నుంచి చూస్తే సంకర తేజం అవుతుంది. గణాంక సమస్య మాత్రం రెండింటిలోనూ ఒకటే.

ఇప్పుడు సగటును పక్కన పెట్టి జతలవారీగా తేడాలు చూడండి. పరపరాగ మొక్క ఎత్తులోంచి స్వపరాగ మొక్క ఎత్తు తీసివేసి, అంగుళంలో ఎనిమిదో వంతులలో రాస్తే వరుసగా ఇవి వస్తాయి: 49, −67, 8, 16, 6, 23, 28, 41, 14, 29, 56, 24, 75, 60, −48.

పదమూడు జతల్లో పరపరాగ మొక్క గెలిచింది, రెండింటిలో ఓడింది. కాని ఆ రెండు ఓటములూ చిన్నవి కావు. ఒక జతలో స్వపరాగ మొక్క ఎనిమిది అంగుళాలకు పైగా, మరో జతలో ఆరు అంగుళాలు ఎక్కువ ఎత్తు ఉంది. ఆ రెండు పరపరాగ మొక్కలూ పన్నెండేసి అంగుళాల దగ్గరే ఆగిపోయాయి. “15 శాతం” అన్న ఒక్క అంకె చూసినవాళ్లకు ఇదంతా కనిపించదు.

2. గాల్టన్ సర్దుబాటు, ఫిషర్ విమర్శ

ఈ తేడాలను ఎంతవరకు నమ్మవచ్చో తెలియక డార్విన్ తన బంధువు, గణాంక విషయాల్లో ఆసక్తి ఉన్న ఫ్రాన్సిస్ గాల్టన్‌ను సంప్రదించాడు. గాల్టన్ చేసిన పని ఇది. పరపరాగ మొక్కలన్నిటినీ ఎత్తు నుంచి పొట్టికి వరుసగా పేర్చాడు, స్వపరాగ మొక్కలను విడిగా అలాగే పేర్చాడు. తరవాత మొదటిదాన్ని మొదటిదానితో, రెండోదాన్ని రెండోదానితో పోల్చాడు. అప్పటిదాకా గజిబిజిగా ఉన్న పట్టిక ఒక్కసారిగా క్రమబద్ధంగా కనిపించింది.

ఎంత క్రమబద్ధంగా అంటే, అసలు జతల్లో తేడాలు −8.4 నుంచి +9.4 అంగుళాల దాకా చెదిరి ఉంటే, పేర్చిన వరుసల్లో మొదటి పదమూడు తేడాలూ 2.75 నుంచి 3.9 అంగుళాల మధ్యకు వచ్చేస్తాయి. సగటు తేడా మాత్రం మారదు, అదే 2.62. మొత్తాలు మారనప్పుడు సగటు తేడా మారదు కదా. మారేది చెదురు మాత్రమే.

1935లో ప్రచురించిన ప్రయోగ రూపకల్పన గ్రంథంలో ఆర్.ఎ. ఫిషర్ ఈ పట్టికనే తీసుకుని గాల్టన్ పద్ధతిని విమర్శించాడు. ఒకే కుండీలో, ఒకే మట్టిలో, ఒకే రోజు మొలకెత్తిన రెండు మొక్కలను జతగా పెట్టడమే డార్విన్ ప్రయోగంలోని బలం. జతలో రెండింటికీ పరిస్థితులు సమానం కాబట్టి ఆ జతలోని తేడాకు అర్థం ఉంటుంది. గాల్టన్ వాటిని విడదీసి ఎక్కడి మొక్కనో ఎక్కడి మొక్కతోనో జత కట్టేసరికి ఆ బలం పోయింది. పైగా కొలతల చెదురు కృత్రిమంగా తగ్గింది.

దీని ప్రభావం ఎంతో మీరే లెక్కించి చూడవచ్చు. అసలు జతలతో జత టీ పరీక్ష చేస్తే సగటు తేడా 20.93 ఎనిమిదో వంతులు, దాని ప్రామాణిక దోషం 9.75, కాబట్టి టీ విలువ 2.148. గాల్టన్ పేర్చిన వరుసలతో అదే లెక్క చేస్తే టీ విలువ 5 దాటిపోతుంది. మొక్కలు అవే, కొలతలు అవే. కేవలం వరుస మార్చడంతో బలహీనమైన సాక్ష్యం బలమైనదిగా కనిపించింది. గాల్టన్ ఎవరినీ మోసగించాలనుకోలేదు. చూపుకు అందంగా కనిపించే అమరిక సాక్ష్యాన్ని పెంచదన్న సంగతి ఆయన గుర్తించలేదు, అంతే. ఈనాటికీ సగటులను మాత్రమే పట్టికలో పెట్టి, చెదురును వదిలేసే వ్యాసాలు అదే తప్పు వేరే రూపంలో చేస్తున్నాయి.

డార్విన్ మీదా ఫిషర్ ఒక విమర్శ పెట్టాడు. జతలో ఏ మొక్క కుండీకి ఏ వైపు ఉండాలో నాణెం ఎగరేసి నిర్ణయించి ఉండాల్సింది. అలా యాదృచ్ఛికంగా కేటాయించకపోతే, ఒక వైపు వెలుతురో నీరో కాస్త ఎక్కువగా అందినా ఆ ప్రయోజనం పరపరాగ సంపర్కం ఖాతాలో పడవచ్చు. దీనికి మరో మాట కలపాలి. ఒకే కుండీలో పెరిగే రెండు మొక్కలు ఒకే మట్టి కోసం, ఒకే వెలుతురు కోసం పోటీ పడతాయి. ఒకటి కాస్త ముందుకు వెళితే రెండోది దాని నీడలో పడుతుంది. కాబట్టి అక్కడ కొలిచిన తేడా, రెండింటినీ వేర్వేరుగా పెంచితే వచ్చే తేడాకంటే ఎక్కువ ఉండవచ్చు. పొలంలో ఒంటి వరుస మళ్లలో సంకరాన్ని, జనకులను పక్కపక్కన వేసి కొలిచినప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం.

3. ఒకే పట్టిక, మూడు సమాధానాలు

ఇంతకీ డార్విన్ మొక్కజొన్న పట్టిక ఏం చెబుతోంది? 14 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ వద్ద, 5 శాతం సార్థకతా స్థాయికి టీ పట్టిక విలువ 2.145. మనకు వచ్చింది 2.148. గీత దాటింది, కాని వెంట్రుకవాసిలో.

ఫిషర్ అక్కడితో ఆగలేదు. పరపరాగ సంపర్కానికి ఏ ప్రభావమూ లేదనుకుందాం. అప్పుడు ప్రతి జతలోని తేడా ప్లస్ అయ్యేందుకు, మైనస్ అయ్యేందుకు సమాన అవకాశం ఉంటుంది. 15 జతలకు ఇలాంటి అమరికలు 32,768. మనకు వచ్చిన తేడాల మొత్తం 314. అంత లేదా అంతకు మించి వచ్చే అమరికలు 863. రెండు దిశలనూ లెక్కిస్తే 1,726. అంటే 5.27 శాతం. ఈసారి గీత దాటలేదు.

ఇక మూడో పద్ధతి. తేడా పరిమాణం వదిలేసి గుర్తు మాత్రమే లెక్కిస్తే 15లో 13 గెలుపులు. పదిహేనుసార్లు నాణెం ఎగరేస్తే ఒకే ముఖం 13 లేదా అంతకు మించి పడే అవకాశం, రెండు దిశలూ కలిపి, 0.74 శాతం. ఇది చాలా బలమైన సాక్ష్యంలా కనిపిస్తుంది. కారణం ఏమిటంటే, ఈ పరీక్ష ఆ రెండు పెద్ద ఓటములను చిన్న ఓటములతో సమానంగా చూస్తుంది.

ఒకే పట్టికకు 4.97, 5.27, 0.74 శాతం అని మూడు సమాధానాలు వచ్చాయి. “ఏది సరైనది?” అని మీరు అడగవచ్చు. మూడూ సరైన లెక్కలే, కాని మూడూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, మూడూ చేసి చూసి నచ్చినదాన్ని మాత్రమే రాసినప్పుడు. ఏ పరీక్ష చేయాలో కొలతలు తీయకముందే నిర్ణయించుకోవాలి.

5 శాతం గీత కంటే విశ్వాస్యతా అవధి మనకు ఎక్కువ చెబుతుంది. సగటు తేడా 2.62 అంగుళాలకు 95 శాతం విశ్వాస్యతా అవధి దాదాపు సున్నా నుంచి 5.23 అంగుళాల దాకా ఉంటుంది. స్వపరాగ మొక్కల సగటుతో పోలిస్తే, “15 శాతం” అని మనం చెప్పిన ప్రయోజనం దాదాపు సున్నా కావచ్చు, 30 శాతమూ కావచ్చు. ఈ ఒక్క పట్టిక చెప్పగలిగింది అంతే. డార్విన్ నిర్ధారణ నిలిచిందంటే ఈ పట్టిక బలంతో కాదు. ఎన్నో జాతుల్లో, ఎన్నో ప్రయోగాల్లో అదే దిశలో ఫలితాలు రావడంతో నిలిచింది.

4. మూడు కొలబద్దలు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఎక్కువ అంటే దేనికంటే? ప్రజనన శాస్త్రంలో మూడు కొలబద్దలు వాడుకలో ఉన్నాయి.

మొదటిది, జనకుల సగటుతో పోల్చడం. రెండోది, మెరుగైన జనకంతో పోల్చడం. దీన్నే హెటిరోబెల్టియోసిస్ అంటారు. మూడోది, రైతులు ఇప్పటికే సాగుచేస్తున్న మంచి రకంతో, అంటే చెక్ రకంతో పోల్చడం. దీన్ని ప్రామాణిక హెటిరోసిస్ అంటారు. మూడింటికీ సూత్రం ఒకటే: సంకరం సగటులోంచి పోల్చే విలువను తీసివేసి, ఆ పోల్చే విలువతో భాగించి, 100తో గుణించాలి.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. ఒక ప్రయోగంలో 11 రకాలను మూడు పునరావృత్తులతో యాదృచ్ఛిక సమూహాల పద్ధతిలో వేశారు. అనోవా పట్టికలో దోష విస్తృతి 18 వచ్చింది. ఒక్కో మొక్కకు గింజ దిగుబడి మొదటి జనకంలో 42 గ్రాములు, రెండో జనకంలో 30, ఎఫ్1 సంకరంలో 45, చెక్ రకంలో 48.

జనకుల సగటు 36. దానితో పోలిస్తే సంకర తేజం 25 శాతం. మెరుగైన జనకం 42తో పోలిస్తే 7.1 శాతం. చెక్ రకం 48తో పోలిస్తే మైనస్ 6.25 శాతం. ఒకే మొక్క, మూడు అంకెలు. వ్యాస సారాంశంలో ఏ అంకె కనిపిస్తుందో ఊహించడం కష్టం కాదు.

ఇక దోషం సంగతి. ఎఫ్1కూ జనకుల సగటుకూ ఉన్న తేడాకు ప్రామాణిక దోషం ఎలా వస్తుందంటే: దోష విస్తృతిని మూడుతో గుణించి, పునరావృత్తుల సంఖ్యకు రెండు రెట్లతో భాగించి, వర్గమూలం తీయాలి. ఇక్కడ 3 × 18 ÷ 6 = 9, వర్గమూలం 3. తేడా 9 గ్రాములు, టీ విలువ 3. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 20 వద్ద పట్టిక విలువ 2.086 కాబట్టి ఇది సార్థకం.

మెరుగైన జనకంతో పోలికకు దోష విస్తృతిని రెండుతో గుణించి పునరావృత్తుల సంఖ్యతో భాగిస్తాం. 2 × 18 ÷ 3 = 12, వర్గమూలం 3.46. తేడా 3 గ్రాములే, టీ విలువ 0.87. ఇది సార్థకం కాదు. చెక్ రకంతో పోలికలోనూ ప్రామాణిక దోషం 3.46, తేడా −3, అదీ సార్థకం కాదు.

జనకుల సగటుతో పోలికలో ప్రామాణిక దోషం ఎందుకు తక్కువో ఆలోచించండి. రెండు జనకుల సగటు తీసుకుంటున్నాం కాబట్టి ఆ విలువలోని చెదురు ఒక్క జనకం చెదురులో సగమే ఉంటుంది. అంటే ఈ కొలబద్దలో శాతం పెద్దదిగా వస్తుంది, సార్థకతా తేలిగ్గా వస్తుంది. జన్యువుల ప్రభావాన్ని, అంటే బహిర్గతత్వం ఉందా లేదా అన్నదాన్ని అర్థం చేసుకోవడానికి జనకుల సగటు సరైన కొలబద్దే. దాన్ని తప్పుపట్టనవసరం లేదు. కాని “ఈ విత్తనం వేస్తే లాభమా?” అన్న ప్రశ్నకు దానితో జవాబు చెబితే అది తప్పు. రైతు జనకుల సగటును పొలంలో వేయడు. పోయిన ఏడాది వేసిన రకాన్నే మళ్లీ వేయాలా, మార్చాలా అన్నదే అతని ప్రశ్న. దానికి మూడో కొలబద్ద ఒక్కటే పనికొస్తుంది.

ఇదే ఉదాహరణ ఇంకో సంగతి చెబుతుంది. సంకర విత్తనం కొన్న రైతు మరుసటి ఏడాది తన పంటలోంచే విత్తనం కట్టుకున్నాడనుకుందాం. జన్యువుల మధ్య పరస్పర చర్య లేదని తీసుకుంటే, ఎఫ్2 తరంలో సంకర తేజం సగానికి తగ్గుతుంది. ఎఫ్1 అధిక్యం 9 గ్రాములు కదా, ఎఫ్2లో అది 4.5. అంటే దిగుబడి 36 + 4.5 = 40.5 గ్రాములు. అది మొదటి జనకం ఇచ్చే 42 గ్రాములకంటే తక్కువ. పైగా ఎఫ్2లో మొక్కకూ మొక్కకూ పోలిక ఉండదు. ఏటా విత్తనం కొనక తప్పదనడానికి కారణం ఇదే. కాబట్టి ప్రామాణిక హెటిరోసిస్ విలువ, ఏటా పెట్టే విత్తన ఖర్చును మించి ఉందా లేదా అన్నది లెక్కలో చివరి వరుస కాదు, మొదటి వరుస కావాలి.

5. జనకులు బలహీనమైతే

శాతం అన్నది భిన్నం. పై అంకె పెరిగినా పెరుగుతుంది, కింది అంకె తగ్గినా పెరుగుతుంది. ఈ చిన్న విషయం మరచిపోతే పెద్ద పొరపాటు జరుగుతుంది.

మొక్కజొన్న చరిత్ర దీనికి మంచి ఉదాహరణ. వరుసగా కొన్ని తరాలు స్వపరాగ సంపర్కం చేస్తే వచ్చే శుద్ధ వంశక్రమాలు మొదట్లో చాలా బలహీనంగా ఉండేవి. 1908 ప్రాంతంలో షల్ వాటిని సంకరపరచినప్పుడు సంకరాలు జనకుల పక్కన ఎంతో బలంగా కనిపించాయి. అమెరికాలో దశాబ్దాల తరవాత వచ్చిన మొక్కజొన్న సంకరాలను పాత సంకరాలతో పోల్చి డొనాల్డ్ డువిక్ చేసిన అధ్యయనాల్లో ఒక ముఖ్యమైన సంగతి బయటపడింది. సంకరాల దిగుబడి దశాబ్దాల పొడవునా పెరుగుతూ వచ్చింది, కాని దానితోపాటు జనక వంశక్రమాల దిగుబడి కూడా పెరిగింది. అందువల్ల శాతంగా చూస్తే హెటిరోసిస్ పెరగలేదు, తగ్గింది. రైతుకు దక్కిన మేలు ఎక్కువగా హెటిరోసిస్ పెరగడం వల్ల కాక, జనకులు మెరుగుపడడం వల్ల, ఒత్తిడిని తట్టుకునే శక్తి పెరగడం వల్ల వచ్చింది.

దీని నుంచి చదువరిగా మీరు తీసుకోవలసిన నియమం ఒకటుంది. హెటిరోసిస్ శాతాలు మాత్రమే ఉన్న పట్టికను నమ్మకండి. జనకుల సగటు దిగుబడి, సంకరం సగటు దిగుబడి, ప్రామాణిక దోషం ఈ మూడూ పక్కన ఉన్నప్పుడే శాతానికి అర్థం ఉంటుంది. 90 శాతం హెటిరోసిస్ చూపిన సంకరం కంటే 20 శాతం చూపిన సంకరం ఎకరాకు ఎక్కువ గింజ ఇవ్వవచ్చు.

6. నలభై అయిదింటిలో ఒకటి

ప్రజనన ప్రయోగంలో ఎప్పుడూ ఒకే సంకరం ఉండదు. పది జనకులను ఒకదానితో ఒకటి, వ్యుత్క్రమ సంకరాలు లేకుండా, కలిపితే 45 సంకరాలు వస్తాయి. దీన్ని అర్ధ డయాలెల్ అంటారు. ఒక్కోదానికి 5 శాతం స్థాయిలో పరీక్ష చేస్తే, అసలు ఏ సంకరంలోనూ నిజమైన తేజం లేకపోయినా, సగటున రెండు మూడు సంకరాలు రెండు దిశల్లోనూ కలిపి సార్థకం అనిపించుకుంటాయి. వాటికి పట్టికలో నక్షత్రం గుర్తు పడుతుంది.

ఇంకో ఇబ్బంది ఉంది. 45లో అన్నిటికంటే ఎక్కువ దిగుబడి ఇచ్చినదాన్ని ఎంచుకుంటాం. ఆ విలువలో నిజమైన జన్యు సామర్థ్యం కొంత, ఆ ఏడాది దానికి దొరికిన మంచి మడి, కలిసొచ్చిన అదృష్టం కొంత ఉంటాయి. ఎంపిక చేసేటప్పుడు మనం రెండింటినీ కలిపే ఎంచుకుంటాం. మరుసటి ఏడాది సామర్థ్యం మిగులుతుంది, అదృష్టం మిగలదు. అందుకే మొదటి ఏడాది అగ్రస్థానంలో ఉన్న సంకరం రెండో ఏడాది తగ్గడం సహజం. ఎంపికకు వాడిన ప్రయోగంలోని శాతాన్నే ఆ సంకరం సామర్థ్యంగా ప్రకటిస్తే అది అతిశయోక్తి అవుతుంది. వేరే ఏడాది, వేరే చోటు చేసిన ప్రయోగాల్లోని విలువనే చెప్పాలి.

ఈ కోణంలో చూస్తే సంయోజన సామర్థ్య విశ్లేషణ విలువ తెలుస్తుంది. సాధారణ, విశిష్ట సంయోజన సామర్థ్యాలను 1942లో స్ప్రాగ్, టేటమ్ వేరుచేసి చూపారు. డయాలెల్ సంకరాలకు ఆ విశ్లేషణ పద్ధతులను 1956లో గ్రిఫింగ్ వివరించాడు. ఒక జనకం పాల్గొన్న తొమ్మిది సంకరాల సగటు నుంచి దాని సాధారణ సంయోజన సామర్థ్యం లెక్కిస్తాం. తొమ్మిది విలువల సగటులో ఒక మడి అదృష్టం చాలావరకు కరిగిపోతుంది. ఒక్క సంకరం హెటిరోసిస్ శాతం కంటే ఇది నమ్మదగిన ఆధారం. అయితే విద్యార్థుల నివేదికల్లో తరచు కనిపించే లోపం ఒకటుంది: ఈ విశ్లేషణ అంతా చేసి, చివరి పేరాలో మళ్లీ అత్యధిక హెటిరోసిస్ శాతం ఉన్న సంకరాన్నే సిఫారసు చేస్తారు. అలాంటప్పుడు ఆ విశ్లేషణ ఎందుకు చేసినట్టు?

7. పటాన్‌చెరు నుంచి ఒక ఉదాహరణ

ఇప్పటిదాకా చెప్పిన ప్రశ్నలను మనకు దగ్గరలోని ఒక ఫలితం మీద వేసి చూద్దాం. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో, అడవి కంది జాతి నుంచి తెచ్చిన కణద్రవ్య పురుష వంధ్యత్వాన్ని ఉపయోగించి సంకర కంది రూపొందించారు. వాటిలో ఐ.సి.పి.హెచ్. 2671 సంకరాన్ని 2010లో మధ్యప్రదేశ్‌లో విడుదల చేశారు. అయిదు రాష్ట్రాల్లో 1,829 రైతు పొలాల్లో దీన్ని మారుతి అనే రకంతో పోల్చారు. సంకరం సగటు దిగుబడి హెక్టారుకు 1,396 కిలోలు, మారుతి సగటు 953 కిలోలు. ఆధిక్యం 46.5 శాతం.

ముందు బలాలు చూడండి. ఇది జనకుల సగటుతో చేసిన పోలిక కాదు; సాగులో ఉన్న రకంతో చేసిన ప్రామాణిక పోలిక. పరిశోధన క్షేత్రంలోని మళ్లలో కాక రైతుల పొలాల్లో కొలిచారు. పొలాల సంఖ్య పెద్దది కాబట్టి సగటులోని యాదృచ్ఛిక దోషం చిన్నది. శాతంతోపాటు అసలు దిగుబడులూ చెప్పారు. మన విమర్శలో చాలా భాగానికి ఇక్కడ జవాబు దొరుకుతుంది.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది, అదీ ముఖ్యమైనదే. పోలిక మారుతితో. గుంటూరు దగ్గరి లాంఫారం నుంచి వచ్చిన ఎల్.ఆర్.జి. 41 వేసే రైతుకు ఈ 46.5 శాతం వర్తిస్తుందా? వర్తించవచ్చు, వర్తించకపోవచ్చు. ఈ అంకె ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. చెక్ రకం మారితే కింది అంకె మారుతుంది, కింది అంకె మారితే శాతం మారుతుంది. ఎంత పెద్ద ప్రయోగమైనా అడగని ప్రశ్నకు జవాబు ఇవ్వదు. ఆ రైతుకు జవాబు చెప్పాలంటే అతని రకాన్నే చెక్‌గా పెట్టి అతని ప్రాంతంలో మళ్లీ పోల్చాలి.

8. ముగింపు

గణాంక శాస్త్రం సంకర తేజాన్ని కనిపెట్టలేదు. డార్విన్ కుండీల్లో అది కళ్లకు కనిపించింది. గణాంక శాస్త్రం చేసిన పని, ఆ కనిపించినదాన్ని ఎంతవరకు నమ్మాలో చెప్పడం. గాల్టన్ చక్కగా పేర్చిన పట్టిక కంటే, చెదురును దాచకుండా చూపిన ఫిషర్ లెక్క మనకు ఎక్కువ నేర్పింది.

మీలో కొందరు వ్యవసాయ శాఖలో, విత్తన సంస్థల్లో, పాఠశాలల్లో పనిచేస్తూ ఈ కోర్సు చదువుతున్నారు. కొందరి ఇళ్లలోనే సేద్యం ఉంది. విత్తన సంచీ మీద, కరపత్రం మీద, నివేదికలో ఒక శాతం కనిపించినప్పుడు “దేనికంటే? ఎంత దోషంతో? ఎన్నింటిలోంచి ఎంచి?” అని అడగండి. జవాబు దొరికితే ఆ అంకెను వాడండి. దొరకకపోతే అది ఇంకా ఫలితం కాదు, ప్రకటన మాత్రమే.

మీ అవగాహనను సరిచూసుకోండి

1. ఒక సంకరంలో జనకుల సగటు మీద సార్థకమైన తేజం ఉండి, మెరుగైన జనకం మీద లేకపోవడం ఎలా సాధ్యం? నాలుగో విభాగంలోని ప్రామాణిక దోషాల సాయంతో వివరించండి.

2. డార్విన్ పట్టికలో రెండు రుణ తేడాలున్న జతలను తీసివేస్తే సగటు తేడా 4.125 అంగుళాలు అవుతుంది. అలా తీసివేయడం సమంజసమేనా? మీ జవాబుకు కారణాలు రాయండి.

3. నాలుగో విభాగంలోని ఉదాహరణలో పునరావృత్తులు మూడుకు బదులు పన్నెండు ఉండి, సగటులు, దోష విస్తృతి అవే అయితే మెరుగైన జనకంతో పోలికకు టీ విలువ ఎంత? అది పట్టిక విలువ 2.086ను దాటుతుందా? పునరావృత్తులు పెరిగితే పట్టిక విలువ కూడా మారుతుందని గుర్తుంచుకుని, మీ జవాబును వివరించండి.